బెటాడిన్ గార్గిల్ 2 శాతం: టాన్సిల్ వాపుకి ఎంతవరకు పనికొస్తుంది?

గొంతు నొప్పి అని మందుల షాపుకి వెళ్తే చాలాసార్లు ముందు చేతికొచ్చేది ఈ గోధుమరంగు మందే. లోపల ఉన్నది పోవిడోన్ అయోడిన్, 2 శాతం. అందులో అసలు పనిచేసే అయోడిన్ సుమారు పదో వంతు, అంటే 0.2 శాతం. బ్యాక్టీరియాని, చాలా రకాల వైరస్‌లని తగిలిన చోట చంపుతుంది.

ఆ ‘తగిలిన చోట’ అన్న మాట దగ్గరే చిక్కంతా. టాన్సిల్ గోలీలా నున్నగా ఉండదు. దాని మీద సన్నటి లోతైన గుంటలుంటాయి, ఇన్ఫెక్షన్ కండ లోపలిదాకా పాకి ఉంటుంది. పుక్కిలించిన మందు పైపైన కడిగి వచ్చేస్తుంది. నోటి వాసన, గొంతులో జిగురు, మింగేటప్పుడు గరగర తగ్గుతాయి. జ్వరం మాత్రం దీనితో దిగదు, వాపు దీనివల్ల కరగదు. టాన్సిల్ వాపుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే కాబట్టి వారం లోపు వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు సీసాకి దక్కుతుంటుంది.

వాడే పద్ధతి: 5 మి.లీ. మందు, 5 మి.లీ. గోరువెచ్చని నీళ్లు. కొలవడానికి సిరప్‌తో వచ్చే చిన్న కప్పు చాలు. తల వెనక్కి వంచి, ‘ఆ...’ అని శబ్దం చేస్తూ 30 సెకన్లు గొంతులో ఆడించి ఉమ్మేయాలి, మింగకూడదు. తర్వాత ఓ అరగంట ఏమీ తినకుండా, తాగకుండా ఉంటే మేలు. రోజుకి నాలుగుసార్ల కన్నా ఎక్కువ వద్దు, రెండు వారాలు దాటించొద్దు. ఈ లెక్కన రోజుకి 20 మి.లీ. ఖర్చవుతుంది, 100 మి.లీ. సీసా ఐదు రోజులకి సరిపోతుంది.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. బుగ్గల్లో గలగలలాడించి ఉమ్మేస్తారు. దాంతో పళ్లు కడిగినట్టవుతుంది, టాన్సిల్‌కి చుక్క కూడా చేరదు. శబ్దం గొంతులోంచి రావాలి, బుగ్గల్లోంచి కాదు. ఇంకో తప్పు, పొద్దున్నే గ్లాసులో కలిపిపెట్టి రోజంతా వాడటం. ఈ మందు రంగే దాని బలానికి గుర్తు. గోధుమరంగు పోయి వెలిసిపోయిన నీళ్లలో అయోడిన్ అయిపోయినట్టే. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపితే రెండూ చెడతాయి.

అన్నం తినగానే పుక్కిలిస్తే ఉమ్మిలో నల్లటి, నీలంరంగు తునకలు కనిపించి కొందరు హడలిపోతారు. అది రక్తం కాదు, చీమూ కాదు. పళ్ల సందుల్లో ఇరుక్కున్న మెతుకుల్లోని పిండిపదార్థం అయోడిన్ తగిలి రంగు మారింది, అంతే. గంజి పెట్టిన చీర మీద చుక్క పడినా ఇదే నీలం. వెంటనే నీళ్లతో జాడించాలి. మరక పట్టేస్తే విటమిన్ సి బిళ్ల నలిపి నీళ్లలో కలిపి రుద్దితే తేలిపోతుంది.

ఉప్పునీళ్ల ముందు ఇది ఎంత? నొప్పి తగ్గించే పని వరకు చూస్తే పెద్ద తేడా లేదు. 250 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు వేస్తే ఒక శాతం పైచిలుకు వస్తుంది, అది చాలు. ఘాటుగా ఉంటే గట్టిగా పనిచేస్తుందని రెండు స్పూన్లు వేస్తే గొంతు ఎండిపోయి మంట పెరుగుతుంది. ఉప్పునీళ్లు రోజుకి ఐదారుసార్లు పుక్కిలించినా ఫర్వాలేదు, అయోడిన్‌కి ఆ వెసులుబాటు లేదు. రక్తపోటు ఉన్నవాళ్లు మింగకుండా ఉమ్మేస్తే చాలు. ముందు ఉప్పునీళ్లతోనే మొదలుపెట్టి, నోరు బాగా వాసన వేస్తుంటే, జిగురు ఎక్కువగా ఉంటేనే సీసా కొనమని మా సలహా. ఐదుకి మూడు మార్కులు ఇస్తాం, అదీ పైన చెప్పినట్టు సరిగ్గా వాడితే.

కొందరు అసలు వాడకూడదు. ఆరేళ్ల లోపు పిల్లలకి వద్దు. వాళ్లకి పుక్కిలించడం రాదు, మింగేస్తారు. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లు, లిథియం మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరు చెప్పకుండా ముట్టొద్దు. నోటి పొరల గుండా కొంత అయోడిన్ ఒంట్లోకి పోతుంది. థైరాయిడ్ పరీక్ష ఉంటే దీని సంగతి ముందే చెప్పాలి.

నొప్పికీ జ్వరానికీ దిక్కు పారాసిటమాలే. పెద్దలకి 500 లేదా 650 మి.గ్రా., ఆరు గంటలకోసారి. పిల్లలకి బరువుని బట్టి, కిలోకి 15 మి.గ్రా. చొప్పున, రోజుకి నాలుగుసార్లు మించకుండా. 16 కిలోల పిల్లకి 240 మి.గ్రా. అవుతుంది. సిరప్‌లు 5 మి.లీ.కి 125 అని ఒకటి, 250 అని ఒకటి అమ్ముతారు. మొదటిది అయితే 10 మి.లీ.కి కాస్త తక్కువ, రెండోది అయితే 5 మి.లీ.కి కాస్త తక్కువ. లేబుల్ చూడకుండా పాత కొలతే పోస్తే మందు రెట్టింపయినా అవుతుంది, సగమైనా అవుతుంది. తిండికి అరగంట ముందు ఇస్తే మింగడం తేలిక. పెరుగన్నం పెట్టొచ్చు, చల్లటిది గొంతుకి హాయిగానే ఉంటుంది. పులుసు, పచ్చడి మండిస్తాయి. పిల్లలకి ఆస్పిరిన్ వద్దు, పుక్కిలించడానికి కూడా.

మెడకి బయట పసుపు సున్నం పట్టు వేయడం, వేలు పెట్టి టాన్సిల్ నొక్కించడం ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, నొక్కితే రక్తం వస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత ఇలాంటివాటికే సరిపోతుంది. పైగా చెవి కింద దవడ పక్కన ఉబ్బితే అది గవదబిళ్లలు కావచ్చు, టాన్సిల్ కాదు.

సీసా పక్కన పెట్టాల్సిన సందర్భాలున్నాయి. దగ్గు, జలుబు లేకుండా జ్వరం, టాన్సిల్ మీద తెల్లటి చీము, మెడ ముందు బిళ్లలు నొప్పిగా ఉంటే అది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల కావచ్చు. దానికి డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్ చెప్పినన్ని రోజులూ, తరచుగా పది రోజులు, వాడాలి. సగంలో మానేస్తే, ముఖ్యంగా పిల్లల్లో, రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడే ప్రమాదం ఉంది. ఒకవైపే బాగా ఉబ్బి, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోతే, సొంగ మింగలేక కారుతుంటే, మాట ముద్దగా వస్తుంటే టాన్సిల్ పక్కన చీము పట్టిందేమో చూపించాలి. ఊపిరికి శబ్దం వస్తే ఒక్క నిమిషం ఆగొద్దు. గొంతులో బూడిదరంగు పొర అతుక్కుని, కదిపితే రక్తం వస్తే కంఠసర్పి (డిఫ్తీరియా) అనుమానించాలి. హైదరాబాద్‌లో దానికి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది.

చివరిగా సీసా సంగతి. ఇదే పేరుతో పుండ్లకి పూసే 5, 10 శాతం మందు కూడా ఉంటుంది, రంగు కూడా అదే. ఆపరేషన్‌కి ముందు చేతులు కడిగే 7.5 శాతం దాంట్లో నురుగొచ్చే సబ్బు కలిపి ఉంటుంది. ఇవేవీ గొంతుకి పనికిరావు. కొనేటప్పుడు ‘గార్గిల్’ అనే మాట, 2 శాతం అంకె రెండూ చూడండి. ఇంటికి తెచ్చాక మూత మీద మార్కర్‌తో ‘గొంతు’ అని రాసి, పుండ్ల మందుకి దూరంగా వేరే అరలో పెట్టండి.