తప్పు ఒక్కడిదా, పదకొండు మందిదా?
గుంటూరు బ్రాడీపేటలో టీ బండి దగ్గర మా బావతో రోజూ ఫుట్‌బాల్ మీద ఇదే గొడవ. గోల్ కొట్టాల్సిన ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టినా సర్దుకోవచ్చు, గోల్ పడకుండా అడ్డుకోవాల్సిన డిఫెండర్ ఒక్కసారి తప్పు చేస్తే మ్యాచ్ పోయినట్టే అంటాడు. అదీ నిజమే. 1994 ప్రపంచకప్‌లో అమెరికా మీద కొలంబియా డిఫెండర్ ఎస్కోబార్, పక్క నుంచి గోల్ ముందుకు వచ్చిన క్రాస్‌ను ఆపబోయి కాలు చాచాడు, బంతి సొంత గోల్‌లోకే దూరింది. అమెరికా 2-1తో గెలిచింది.

నేను మాత్రం జట్టు వైపే. అమెరికా కొట్టిన ఆ రెండో గోల్ ఎవరి ఖాతా? అంతకుముందు రుమేనియా చేతిలో 3-1తో ఓడింది కూడా ఆయన వల్లేనా? నిందంతా ఒక్కడే మోశాడు. అమెరికాతో మ్యాచ్ అయిన పది రోజులకే కొలంబియాలోని మెడెయిన్‌లో ఆయన్ని కాల్చి చంపారు.

ఆ మాటకి బావ బిస్కెట్ టీలో ముంచి అలాగే ఉండిపోయాడు. సగం విరిగి గ్లాసులో పడింది.