సబ్ ఏజెంట్లా, ఒక్క ఏజెంటా: కోడింగ్‌కి ఏది మేలు?

అనంతపురం జేఎన్‌టీయూలో చదివే మా జూనియర్లు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, క్లాడ్ కోడ్‌లో సబ్ ఏజెంట్లు పెట్టుకుంటే మేలా, ఒక్కదానితోనే పని కానిచ్చుకుంటే మేలా?" ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నా. క్లాడ్ కోడ్ అంటే మనం చెప్పింది విని కోడ్ రాసిపెట్టే ఏఐ ఏజెంటు, ఆంత్రోపిక్ కంపెనీది. అది తన పనిలో కొంత అప్పజెప్పే విడి ఏజెంట్లే సబ్ ఏజెంట్లు.

నేను ఇక్కడ చీనీకాయల (బత్తాయి) మండీ ఒకదానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాను. బండి వస్తుంది, తూకం వేస్తారు, టన్నుకు ఇంత అని రేటు తేలుతుంది, హమాలీ, అడ్వాన్సు పోను మిగిలింది రైతుకు. ఆయన చేతికి ప్రింటు చీటీ ఒకటి, ఫోన్‌కి మెసేజ్ ఒకటి వెళ్లాలి. పెద్ద ప్రాజెక్టేం కాదు, కానీ డబ్బు లెక్క.

మొదట్లో నెట్‌లో దొరికిన ఏజెంట్ ఫైళ్లు, అంటే సబ్ ఏజెంటు ఏం చేయాలో రాసిపెట్టినవి, ఒక ఇరవై దాకా దించుకున్నాను. సీనియర్ బ్యాకెండ్ ఇంజనీర్ అని ఒకటి, ఫ్రంటెండ్ నిపుణుడని ఒకటి, ఇట్లా. చీటీ పని ఒకదానికి, మెసేజ్ పని ఇంకోదానికి ఇచ్చి రెండూ ఒకేసారి నడిపించాను. అరగంటలో అయిపోయాయి, టెస్టులన్నీ పాస్. వారం తర్వాత ఒక రైతు చీటీ, ఫోనూ పక్కపక్కన పెట్టి మండీ ఆయనకు చూపించాడట. తూకం 3,847 కిలోలు, రేటు టన్నుకు 18,500. కోతలు పోకముందు మొత్తం చీటీలో 71,170 రూపాయలు, మెసేజ్‌లో 71,225. మండీ ఆయన ఫోన్ చేసి, "ఏమప్పా, ఈ 55 రూపాయలు నేనిచ్చేదా, నువ్విచ్చేదా?" అన్నాడు.

కోడ్ తెరిచి చూస్తే, చీటీ రాసిన ఏజెంటు కిలోల మీదే లెక్కగట్టి చివర్లో రూపాయికి సరిచేసింది, మెసేజ్ రాసినదేమో ముందే తూకాన్ని 3.85 టన్నులు చేసేసి ఆ తర్వాత రేటుతో గుణించింది. దేనికది విడిగా చూస్తే తప్పనిపించదు, టెస్టులు కూడా ఎవరి టెస్టులు వాళ్లే రాసుకున్నారు కాబట్టి పాసయ్యాయి. ఆ రైతు అడక్కపోయి ఉంటే ఎన్ని బండ్లకు అట్లా వెళ్లేదో అని తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది.

ఎందుకిలా అయిందంటే, సబ్ ఏజెంటుకు తన కాంటెక్స్ట్, అంటే పనిచేసేటప్పుడు దాని ముందుండే సమాచారం, తనదే. మీరు మెయిన్ ఏజెంటుతో పొద్దుట్నుంచి మాట్లాడిందంతా దానికి తెలియదు. మెయిన్ ఏజెంటు పని అప్పజెప్పేటప్పుడు రాసిచ్చిన నాలుగు మాటలు, దాని ఫైల్లో మీరు రాసిపెట్టిన సూచనలు, ముఖ్యంగా ఇవే దానికి ఆధారం. పని అయ్యాక వెనక్కి వచ్చేది కూడా చివరి జవాబు మాత్రమే, మధ్యలో అది ఏమనుకుని ఏం నిర్ణయించిందో రాదు. "తూకం ఎప్పుడూ కిలోల్లోనే" అని నేను గంట ముందు చెప్పిన మాట ఆ రెండింటికీ చేరనే లేదు.

ఇదే విషయం మీద 2025 జూన్‌లో రెండు కంపెనీలు దాదాపు ఒకే సమయంలో రెండు రకాలుగా రాశాయి. డెవిన్ అనే కోడింగ్ ఏజెంటును తయారుచేసిన కాగ్నిషన్ వాళ్లు ఇట్లా ఏజెంట్లకు పని పంచొద్దన్నారు: చేసే ప్రతి పనిలో చెప్పని నిర్ణయాలు ఉంటాయి, అవి ఒకదానికొకటి పొసగకపోతే ఫలితం చెడుతుందని. ఆంత్రోపిక్ వాళ్లు తమ రీసెర్చ్ పనికి పలు ఏజెంట్ల పద్ధతి బాగా పనిచేసిందన్నారు, కానీ కోడింగ్‌లో అట్లా విడగొట్టి ఒకేసారి చేయగల పనులు తక్కువని కూడా ఒప్పుకున్నారు. నాకైతే ఇద్దరి మాటా ఒకటే అనిపించింది. వెతకడం, చదవడం పంచుకోవచ్చు, రాయడం పంచితేనే చిక్కు.

ఇప్పుడు నా దగ్గర మూడే ఉన్నాయి, మిగతావన్నీ తీసేశాను. ఒకటి టెస్టులు నడిపేది. నా టెస్టుల లాగ్ వేల లైన్లు వస్తుంది, అదంతా మెయిన్ ఏజెంటు ముందు పోస్తే కాసేపటికి అసలు సంగతి మరిచిపోతుంది. ఇది ఆ లాగంతా తను చదువుకుని, ఏ టెస్టు ఏ లైన్లో ఎందుకు పోయిందో ఐదారు లైన్లలో చెబుతుంది. సబ్ ఏజెంట్ల వల్ల నాకు రోజూ కనిపించే లాభం ఇదే. రెండోది పాత కోడ్‌లో వెతికేది, దాని సంగతీ అంతే.

మూడోది రివ్యూ చేసేది, దీని గురించి కాస్త చెప్పాలి. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నట్టు, కోడ్ రాసిన ఏజెంటునే చూడమంటే తను ఎందుకట్లా రాసిందో ఆ వాదనంతా కాంటెక్స్ట్‌లోనే ఉంటుంది, అదే మళ్లీ చెప్పి బాగుందంటుంది. విడిగా, ఏమీ తెలియకుండా వచ్చి మార్పుల్ని మాత్రమే చూసేదానికి ఆ మొహమాటం ఉండదు. ఇక్కడ తెలియకపోవడమే లాభం. దానికి చదవడానికి, వెతకడానికి మాత్రమే టూల్స్ ఇచ్చాను. జాగ్రత్త, ఫైళ్లు మార్చే ఎడిట్, రైట్ టూల్స్ తీసేసి, కమాండ్లు నడిపే బ్యాష్ ఉంచితే కమాండ్‌తో ఫైలు మార్చేయగలదు, కాబట్టి మూడూ తీసేయండి. ఇంకొకటి, తప్పులు వెతకమంటే లేకపోయినా ఏదో ఒకటి చూపిస్తుంది. "తప్పు లేకపోతే లేదని చెప్పు, పేర్ల గురించి, స్టైల్ గురించి చెప్పొద్దు" అని రాశాకే దాని మాట పట్టించుకోదగ్గట్టు అయింది. తూకం కిలోల్లోనే, సరిచేయడం చివర్లో ఒక్కసారే అన్న నియమం కూడా ఆ ఫైల్లోనే రాశాను.

ఏజెంట్లకు తగిలించే పెద్ద పెద్ద పేర్ల సంగతి కూడా చెప్పాలి. "ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న సెక్యూరిటీ నిపుణుడివి" అని రాస్తే దానికి కొత్తగా జ్ఞానం రాదు, కింద ఉన్నది అదే మోడల్. ఏ పని ఎప్పుడు చేయాలో, ఏం తెచ్చివ్వాలో రాయండి. ఏజెంటు ఫైల్లోని వివరణలో "కోడ్ చూస్తుంది" అని ఊరికే రాస్తే మెయిన్ ఏజెంటు చాలాసార్లు దాన్ని పిలవనే పిలవదు, "కోడ్ మారిన ప్రతిసారీ కమిట్‌కు ముందు పిలవాలి" అంటే పిలుస్తుంది.

ఖర్చు తక్కువేం కాదు. మామూలు చాట్‌తో పోలిస్తే ఏజెంటు 4 రెట్లు, పలు ఏజెంట్ల పద్ధతి 15 రెట్ల దాకా టోకెన్లు (మోడల్ చదివే, రాసే మాటల ముక్కలు, వాడకాన్ని లెక్కగట్టేది వీటితోనే) వాడుతుందని 2025లో ఆంత్రోపిక్ లెక్కే చెప్పింది. చిన్న ప్లాన్‌లో ఉన్న స్టూడెంట్స్ ఐదు ఏజెంట్లు ఒకేసారి నడిపితే లిమిట్ త్వరగా అయిపోతుంది. నిజంగా వేర్వేరు పనులే ఉంటే గిట్ వర్క్‌ట్రీలతో, అంటే ఒకే ప్రాజెక్టుకు విడివిడి ఫోల్డర్లు పెట్టుకుని, రెండు సెషన్లు మీరే తెరుచుకోండి, ఏది ఏం చేస్తుందో కళ్ల ముందే ఉంటుంది.

కాబట్టి జూనియర్లకు: కోడ్ రాసేది ఒక్కటే ఉండాలి, ఎంత నిదానమైనా సరే. ముందు టెస్టులు నడిపేదాన్ని పెట్టుకుని రెండు వారాలు చూడండి, తర్వాత రివ్యూ. అప్పటిదాకా నెట్‌లో దొరికే ఏజెంట్ల మూటలు దించుకోకండి. నేనైతే చీటీకి, మెసేజ్‌కి ఇప్పుడు ఒకే ఫంక్షన్ పెట్టాను, 3,847 కిలోల ఆ బండే దాని మొదటి టెస్టు.