తప్పు కంటబడ్డాక ఎవరికి చెప్పాలి? ఆడిట్ కమిటీ, నియంత్రణ సంస్థ, పత్రిక: ఏది మేలు?

పరీక్ష చేయకుండానే పాసైపోయిన మందుల బ్యాచ్, గోడౌన్‌కు రాని సరుకుకు కట్టిన బిల్లు, పుస్తకాల్లో ఉండి బ్యాంకులో లేని నగదు. ఇలాంటిది కంటబడ్డ ఉద్యోగిని మొదట పట్టుకునేది చెప్పాలా వద్దా అన్న సందేహం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్న పేరు వస్తుందేమోనన్న భయం దాని వెంటే ఉంటుంది. ఈ ప్రశ్న పైకి కనిపించినంత చిక్కుది కాదు. జీతం ఇచ్చేది సంస్థ, తప్పు చేసిన మేనేజర్ కాదు. అతణ్ని కాపాడడం సంస్థ పట్ల విశ్వాసం కిందికి రాదు. అసలు చిక్కు రెండో ప్రశ్నలో ఉంది: ఎవరికి చెప్పాలి, ఏ వరసలో చెప్పాలి. ఒక తలుపు తట్టడం వల్ల ఇంకో తలుపు మూసుకుపోయే సందర్భాలు ఇందులో ఉన్నాయి.

వ్యాపార నీతిశాస్త్రంలో తరచూ వినిపించే కొలమానం ఒకటుంది. నష్టం తీవ్రమైనదై, పైఅధికారికి చెప్పినా లాభం లేక, లోపలి మార్గాలన్నీ అయిపోతే బయటికి చెప్పడం తప్పు కాదు. ఏ పక్షమూ లేని మనిషి చూసినా నమ్మేంత ఆధారం చేతిలో ఉండి, చెబితే ఫలితం వస్తుందనే నమ్మకమూ ఉంటే అప్పుడు చెప్పడం బాధ్యత అవుతుంది. ఇందులో రెండో సగం న్యాయమైనది. ఆధారం లేని మనిషిని ఉద్యోగం పోగొట్టుకొమ్మని అది బలవంతపెట్టదు. పేచీ మొదటి సగంతోనే. తప్పు చేస్తున్నది ఆ పైఅధికారే అయితే ముందు ఆయనకు చెప్పడమంటే ఫైళ్లు సర్దుకోవడానికి గడువు ఇవ్వడమే. కాబట్టి తప్పు ఏ మెట్టు మీద జరుగుతోందో చూసి, దానికి కనీసం రెండు మెట్లు పైన ఉన్నవాళ్లకు చెప్పాలి.

లోపలి మార్గం

కంపెనీల చట్టం 2013లోని 177(9) సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకులూ ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్ల రూపాయలకు మించి అప్పు తెచ్చుకున్నవి విజిల్ మెకానిజం, అంటే తప్పులు కంటబడ్డవాళ్లు ఫిర్యాదు చేసే ఏర్పాటు, పెట్టి తీరాలి. చాలామంది ఉద్యోగులకు ఇది హెచ్‌ఆర్ మెయిల్‌బాక్స్‌గానో హాట్‌లైన్ నంబరుగానో మాత్రమే తెలుసు. అవసరమైన సందర్భాల్లో ఫిర్యాదుదారు నేరుగా ఆడిట్ కమిటీ (కంపెనీ లెక్కలను పర్యవేక్షించే డైరెక్టర్ల బృందం) ఛైర్మన్‌ను చేరుకునే వీలు ఉండాలని కూడా చట్టం చెబుతోంది. ఆ పేరు వార్షిక నివేదికలోని కార్పొరేట్ గవర్నెన్స్ భాగంలో ఉంటుంది. విజిల్ పాలసీ కూడా కంపెనీ వెబ్‌సైట్‌లో దొరకాలి.

ఈ దారికి ఒక బలం ఉంది. మీరు కాగితాలు బయటికి తీసుకెళ్లక్కర్లేదు. ఫలానా వోచర్ నంబరు, ఫలానా తేదీ, ఫలానా సర్వర్ ఫోల్డర్ అని చెబితే చాలు, కమిటీ తెప్పించుకుంటుంది. ఇంకో మేలు తక్కువమందికి తెలుసు. ఆడిటర్ నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే కారో 2020 ఉత్తర్వు ప్రకారం ఆ ఏడాది కంపెనీకి అందిన విజిల్‌బ్లోయర్ ఫిర్యాదులను తాను పరిగణనలోకి తీసుకున్నదీ లేనిదీ చట్టబద్ధ ఆడిటర్ తన నివేదికలో చెప్పాలి. తేదీతో రాసి ఇచ్చిన ఫిర్యాదును తొక్కిపెట్టడం అందుకే కష్టం. క్యాంటీన్‌లో నోటిమాటగా చెప్పినదానికి ఆ రక్షణ ఉండదు.

ఎక్కడ చెడుతుందో చూడాలంటే సత్యం కంప్యూటర్స్ దగ్గరికి వెళ్లాలి. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానివే అయిన మేటాస్ కంపెనీల కొనుగోలు బెడిసికొట్టిన రెండు రోజులకు, 2008 డిసెంబరు 18న, మారుపేరుతో ఒక మెయిల్ బోర్డులోని ఒక డైరెక్టర్‌కు వెళ్లింది. కంపెనీ దగ్గర చెప్పుకుంటున్నంత నగదు లేదనీ, బ్యాంకు నిల్వలు సరిచూస్తే తెలిసిపోతుందనీ దాని సారం. ఆయన దాన్ని ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కు పంపారు. 2009 జనవరి 7న రామలింగరాజు తన లేఖలో లేని నగదు 5,040 కోట్లని ఒప్పుకున్నారు. మూడు వారాల్లోపే కొలిక్కి వచ్చిందంటే ఆ మెయిల్ రాసిన తీరుకు కొంత పేరు ఇవ్వాలి. "మోసం జరుగుతోంది" అని ఊరుకోకుండా ఎలా తేల్చుకోవాలో ఒక్క ముక్కలో చెప్పింది. అదే మెయిల్ రెండేళ్ల ముందు, పైస్థాయిలో ఎవరికీ అనుమానం లేని రోజుల్లో వెళ్లి ఉంటే అంత కదలిక వచ్చేదా అంటే అనుమానమే. తప్పు అట్టడుగునో మధ్యలోనో ఉన్నప్పుడు లోపలి మార్గం బాగా పనిచేస్తుంది. ప్రమోటరే తప్పు చేస్తున్నప్పుడు దాని ఒక్కదాని మీదే ఆధారపడకూడదు.

అవతలి పక్షాన్నీ మరవకూడదు. 2019లో ఇన్ఫోసిస్ పైఅధికారుల మీద పేరు లేని లేఖ ఒకటి బయటపడ్డాక అక్టోబరు 22న ఒక్కరోజే షేరు 16 శాతం దాకా పడింది. 2020 జనవరిలో ఆడిట్ కమిటీ విచారణ ముగించి ఆరోపణలకు ఆధారం లేదని చెప్పింది. మధ్యలో అమ్ముకుని నష్టపోయిన చిన్న మదుపరికి ఎవరూ ఏమీ తిరిగివ్వలేదు. ఆరోపణ బయటికి వెళ్లిన క్షణం నుంచే నష్టం మొదలవుతుంది, రుజువు కోసం ఆగదు.

నియంత్రణ సంస్థ

ఇక్కడ ఏ సంస్థ అన్నదే ముఖ్యం. ఒక్కొక్కరి పద్ధతి ఒక్కో రకం.

కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, ప్రభుత్వ బ్యాంకులయితే కేంద్ర విజిలెన్స్ కమిషన్ (సీవీసీ). ఇక్కడ ఫిర్యాదుదారు పేరు దాచే పద్ధతి వెనక సత్యేంద్ర దూబే కథ ఉంది. జాతీయ రహదారుల పనుల్లో అవకతవకల గురించి 2002లో ప్రధాని కార్యాలయానికి రాస్తూ తన పేరు గోప్యంగా ఉంచమని ఆ ఇంజినీరు కోరాడు. లేఖ ఫైళ్ల వెంట తిరిగింది, పేరూ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో హత్యకు గురయ్యాడు. అది దోపిడీ హత్యేనని 2010లో కోర్టు తేల్చింది. ఏదేమైనా గోప్యత అడిగిన మనిషి పేరు దాచడానికి ప్రభుత్వంలో ఒక పద్ధతంటూ లేదన్నది బయటపడింది. సుప్రీంకోర్టు కదిపాక 2004 ఏప్రిల్ 21న పీఐడీపీఐ తీర్మానం (ప్రజాహితం కోసం సమాచారం ఇచ్చేవాళ్ల రక్షణ తీర్మానం) వచ్చింది.

దాని నియమాలు కచ్చితమైనవి. తపాలాలోనే పంపాలి, మెయిల్ కుదరదు. కవరు అతికించి, సీవీసీ కార్యదర్శి పేరిట, పైన పీఐడీపీఐ ఫిర్యాదు అని రాయాలి. ఆ మాట రాయకపోతే మామూలు ఫిర్యాదుగానే చూస్తారు, పేరు దాచే బాధ్యత వాళ్లకు ఉండదు. మీ పేరు, చిరునామా కవరు మీద రాయకూడదు. లోపల లేఖ మొదట్లోనో చివర్లోనో, లేదా విడి కాగితం మీదనో ఉండాలి. పేరే లేని ఫిర్యాదును తీసుకోరు. రసీదు రాదు. పంపింది మీరేనా అని నిర్ధారించుకోవడానికి కమిషన్ మీకు రాస్తుంది. దానికి జవాబివ్వకపోతే ముందుకు సాగదు.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి, సీబీఐ, నాలుగు దినపత్రికలు, అందరికీ నకళ్లు. కింద ఆ జాబితా ఎంత పొడుగుంటే ఫిర్యాదుకు అంత బరువని నమ్మకం. కానీ ఇదే ఫిర్యాదు ఇంకెవరికీ పంపలేదని ధ్రువీకరించమని సీవీసీ అడుగుతుంది. నకళ్లు పంపారంటే మీ పేరు మీరే బయటపెట్టుకున్నట్టు. గోప్యత అక్కడితో సరి.

లిస్టెడ్ కంపెనీల్లో ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి రహస్య సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) అయితే స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ. 2019 డిసెంబరు చివర్లో అమల్లోకి వచ్చిన ఇన్‌ఫార్మెంట్ పద్ధతిలో న్యాయవాది ద్వారా సమాచారం ఇవ్వవచ్చు. సెబీకి సమాచారం ఇవ్వకూడదని ఉద్యోగ ఒప్పందంలో ఏ షరతు ఉన్నా అది చెల్లదు. రాబట్టిన సొమ్ములో 10 శాతం బహుమతి. దాని పరిమితిని కోటి రూపాయల నుంచి 2021లో 10 కోట్లకు పెంచారు. బహుమతి తీసుకుంటే నీతి పోతుందా? పోదు. కేసు తేలేసరికి ఏళ్లు గడుస్తాయి, ఈలోగా ఆ రంగంలో మళ్లీ ఉద్యోగం దొరకకపోవచ్చు. రాన్‌బాక్సీ మందుల డేటా మోసాన్ని బయటపెట్టిన దినేశ్ ఠాకూర్ 2005లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు మారుపేరుతో రాయడం మొదలుపెడితే, కంపెనీ 50 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నది 2013లో. చట్టం ప్రకారం ఆయనకు దక్కిన 4.8 కోట్ల డాలర్ల వెనక ఎనిమిదేళ్ల నిరీక్షణ ఉంది.

అమెరికాలో లిస్టయిన కంపెనీలకు హైదరాబాద్‌లో పనిచేసే తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లు అక్కడి స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి సమాచారం ఇవ్వవచ్చు, జరిమానాలు 10 లక్షల డాలర్లు దాటితే 10 నుంచి 30 శాతం బహుమతికి విదేశీయులూ అర్హులే. ముందు కంపెనీ లోపల చెప్పి 120 రోజుల్లోపు ఎస్‌ఈసీకి చేరిస్తే మొదటి తేదీనే లెక్కిస్తారు. అంటే రెండు దారులూ కలిసి నడుస్తాయి. అయితే బహుమతి సముద్రం దాటి వస్తుంది గానీ రక్షణ రాదు. కక్షసాధింపు నుంచి కాపాడే సెక్షన్ విదేశంలో పనిచేసే విదేశీ ఉద్యోగికి వర్తించదని అక్కడి అప్పీలు కోర్టు 2014లోనే చెప్పింది.

పత్రిక, టీవీ

ఇది చివరి మెట్టు. వాళ్లు మంచివాళ్లు కాదని కాదు, ఒకసారి వార్త వచ్చాక మిగతా దారులు చాలావరకు మూసుకుపోతాయని. కోర్టు అడిగితే విలేకరి తన సమాచారదారు పేరు చెప్పక్కర్లేదనే సంపూర్ణ హక్కు మన చట్టంలో లేదు. ప్రెస్ కౌన్సిల్ చట్టం ఇచ్చే మినహాయింపు ఆ కౌన్సిల్ విచారణల వరకే. పరువునష్టం కేసు ఎలాగూ ఉంటుంది. నేడో రేపో ప్రాణాలు పోయే ప్రమాదం ఉండి, నియంత్రణ సంస్థ రాతపూర్వకంగా తెలిసీ కదలనప్పుడు మాత్రమే ఇది మిగతా రెండింటికంటే మేలు.

పేరుతోనా, పేరు లేకుండానా?

పేరుతో రాసినదానికి విలువ ఎక్కువ. విచారించేవాళ్లు తిరిగి ప్రశ్న అడగగలరు. పేరు లేకుండా రాయాలనుకుంటే పేరు తీసేసినంత మాత్రాన దాగిపోతామనుకోకూడదు. ముగ్గురికే అందుబాటులో ఉన్న ఫైల్‌లోంచి వాక్యం ఎత్తి రాస్తే ఆ ముగ్గుర్నే పిలుస్తారు. మీటింగ్ జరిగిన మర్నాడే ఫిర్యాదు వెళితే హాజరుపట్టీ చూస్తారు. ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు వైఫై, ఆఫీసు ప్రింటర్ మూడూ జాడ మిగులుస్తాయి. వర్డ్ ఫైల్ లోపల రచయిత పేరు నమోదై ఉంటుంది. మీ ఒక్కరికే తెలిసిన వివరం కేసుకు ప్రాణమైతే, దాక్కునే ప్రయత్నం మాని పేరుతో, గోప్యత కోరుతూ రాయడమే నయం.

ఆధారాల విషయంలో దురాశ వద్దు. వెళ్లిపోయే ముందు పెన్‌డ్రైవ్ నిండా కంపెనీ డేటా ఎక్కించుకున్నవాళ్ల మీద ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద కేసు పెట్టడం కంపెనీకి తేలిక. విషయం డేటా దొంగతనం వైపు మళ్లిపోతుంది. మీ ఉద్యోగరీత్యా మీ చేతికి వచ్చినవాటికే పరిమితం కండి. తేదీ, వోచర్ నంబరు, ఎవరు ఏమన్నారు అన్నది జరిగిన రోజే సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి. మెయిల్ అయితే స్క్రీన్‌షాట్ చాలదు, అసలు ఫైల్ ఉండాలి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఎలక్ట్రానిక్ రికార్డు హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి.

ఇక రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల సంగతి. వాళ్లను ఆదుకోవలసిన విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టానికి 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం దొరికింది గానీ దాన్ని అమల్లోకి తేలేదు. పీఐడీపీఐ రాష్ట్ర శాఖలకు వర్తించదు. లంచం అడిగితే అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) ఉంది, తెలంగాణలో 1064కు ఫోన్ చేయవచ్చు. కానీ లంచం తీసుకుంటుండగా పట్టుకునే ట్రాప్ కేసులో ఫిర్యాదుదారు కోర్టులో సాక్షిగా నిలబడాలి, పేరు దాగదు. లంచం కాకుండా టెండర్లలో, కొలతల పుస్తకంలో మోసమైతే, ఆ పనికి కేంద్ర నిధులు వచ్చాయేమో ముందు చూడండి. వచ్చి ఉంటే ఆ నిధులిచ్చిన కేంద్ర మంత్రిత్వ శాఖకు కూడా ఫిర్యాదు చేసే వీలుంటుంది, స్థానిక ఒత్తిడి అక్కడిదాకా పాకడం కష్టం.