అపార్ట్‌మెంటు వినాయకుడి నిమజ్జనం: ఆవరణలో తొట్టి మేలా, చెరువు మేలా?

బెంగళూరు అపార్ట్‌మెంట్లలోని తెలుగు కుటుంబాలు వినాయక చవితినాడు ఇంట్లో పాలవెల్లి కట్టి, పత్రితో పూజించి, శమంతకోపాఖ్యానం చదువుకుని, సాయంత్రానికి క్లబ్‌హౌస్‌లోని ఉమ్మడి మంటపానికి చేరతాయి. పూజ విషయంలో భేదాభిప్రాయాలు తక్కువే. విగ్రహాన్ని ఎక్కడ నిమజ్జనం చేయాలన్న దగ్గరే మాట కుదరదు.

చెరువుకు తీసుకువెళ్దామనే వారి వాదనలో బలముంది. అలసూరు, శాంకీ, యడియూరు చెరువుల వద్ద నిమజ్జనం కోసమే కల్యాణులు (చెరువు పక్కన విడిగా కట్టిన కొలనులు) ఉన్నందువల్ల చెరువు నీటిపై భారం తగ్గుతుంది. ఊరేగింపు శోభ ఎటూ ఉంటుంది. ఐదారడుగుల విగ్రహమైతే వేరే దారి లేదు. అయితే వాహనంలో పట్టినవారే అంతదూరం వెళ్లగలరు. రద్దీలో విగ్రహాన్ని సిబ్బంది చేతికి అందించి వెనుదిరగవలసి వస్తే, మోకాళ్ల నొప్పులతో ఇంటివద్దే ఆగిన పెద్దలకే కాదు, వెంట వెళ్లిన పిల్లలకు కూడా స్వామిని సాగనంపిన తృప్తి దక్కదు. నగరపాలక సంస్థ పంపే సంచార తొట్టి చిన్న విగ్రహాలకు సరిపోతుంది గానీ, అది వచ్చే వేళ మన చేతిలో ఉండదు.

నా మొగ్గు ఆవరణలోని తొట్టివైపే. ఆవాహన చేసిన చోటే ఉద్వాసన చెప్పాక, మట్టి నీటిలో కలవడమే మిగిలిన కార్యం. అది అందరి కళ్లముందు, అందరి చేతులమీదుగా జరగడంకంటే కావలసిందేముంటుంది? దీనికి విగ్రహం కాల్చని మట్టిదై, రంగులు లేనిదై ఉండాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ త్వరగా కరగదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాలు కూడా దానిని వద్దన్నాయి. పత్రి, పూలు, దారాలు, వస్త్రం ముందే తీసివేసి, పత్రినీ పూలనూ ఎరువు గుంతలో వేయాలి. మట్టి అడుగుకు దిగాక పైనీటిని మొక్కలకు పోసి, మట్టిని పాదులకు చేర్చవచ్చు.

కన్నడ కుటుంబాలు ముందురోజే గౌరమ్మను నిలుపుకుని గణపతితో కలిపి సాగనంపుతాయి కనుక, తొట్టి పరిమాణం నిర్ణయించేటప్పుడు ఆ విగ్రహాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉమ్మడి విగ్రహం రెండడుగులు మించకూడదని కమిటీ ముందే తీర్మానించి, పాటరీ టౌన్ కుమ్మరులకు చవితికి నెల ముందుగానే ఆ కొలత చెప్పి చేయించుకోవాలి.