జిప్ 100 యుఎస్‌బీ డ్రైవ్: లినక్స్ కంప్యూటర్‌పై దీని పనితీరు

పాత జిప్ డిస్కుల్లో చిక్కుకుపోయిన ఫైళ్లను బయటికి తీయవలసిన అవసరం ఉన్నవారికి ఐయోమెగా వారి జిప్ 100 యుఎస్‌బీ డ్రైవ్ ఇప్పటికీ కొనదగిన పరికరమేనని, అయితే దాన్ని లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి చదవడానికి మాత్రమే వాడాలని, కొత్తగా ఒక్క ఫైలు కూడా అందులో దాచకూడదని నా అభిప్రాయం. దీని తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది కాబట్టి ఇవాళ దొరికేదంతా ఎవరో వాడి పక్కన పెట్టిన సరుకే. అందువల్ల డ్రైవ్ మంచిచెడ్డలతో పాటు, కొనేముందు ఏం చూసుకోవాలో, ఏ వరుసలో వాడితే డిస్కుకు హాని జరగదో కూడా ఇక్కడ రాస్తున్నాను.

ఐయోమెగా సంస్థ జిప్ డ్రైవును 1994 చివర్లో పరిచయం చేసింది. అప్పటికి అందరి చేతుల్లో ఉన్న ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు కాగా, దానికంటే కొంచెం మందంగా ఉండే ఈ డిస్కులో 100 మెగాబైట్లు పట్టేవి. విశాఖపట్నంలో నాకు తెలిసినంతవరకు వీటి విలువను ముందుగా గుర్తించినవారు డీటీపీ కేంద్రాలవారు, ఆఫ్‌సెట్ ప్రెస్సులవారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కట్టిన పుస్తకాన్ని, దానికి జతపడిన స్కాన్ బొమ్మలను ఫ్లాపీల్లో మోసుకెళ్లడం సాధ్యమయ్యే పని కాదు. సీడీ రైటర్ల ధర దిగివచ్చాక జిప్ డిస్కులు బీరువాల్లోకి, డ్రైవులు అటకల మీదికి చేరాయి.

నేను ఈ డ్రైవును సంపాదించింది అల్లిపురంలో ప్రెస్సు నడిపిన ఒక మిత్రుడి డిస్కుల కోసం. పెళ్లి శుభలేఖలు, దేవాలయాల కల్యాణోత్సవ కరపత్రాలు సరే, ఒక సాహిత్య సంఘం వారి వార్షిక సంచికలు, ఇప్పుడు మన మధ్య లేని ఒక కవి ఏకైక సంపుటి కూడా అందులో ఉన్నాయి. వాటి అచ్చు ప్రతులు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకినప్పుడు తడిసి ముద్దయ్యాయి. స్టీలు బీరువాలో ఉన్న డిస్కులు మాత్రం నిలిచాయి. “పారేయడానికి చేతులు రావడం లేదు మాస్టారూ, తెరిచి చూసుకోవడానికి దారీ కనపడటం లేదు” అన్నారాయన. ఆయన ముందుగా సంప్రదించిన ఒక డేటా రికవరీ దుకాణంవారు జిప్ డిస్కులు తీసుకోబోమని చెప్పి పంపేశారు. ఇలాంటి డిస్కులు ఈ నగరంలో ఇంకా ఎన్ని ఇళ్లలో, ఎన్ని పాత ప్రెస్సుల్లో ఉన్నాయోనన్న ఆలోచనే ఈ సమీక్ష రాయించింది.

కొనేటప్పుడు మొదట చూడవలసింది వెనకవైపు ఉన్న కనెక్టరు. జిప్ 100 డ్రైవులు ప్యారలల్ పోర్టు (పాత ప్రింటర్లు తగిలించే వెడల్పాటి సాకెట్), స్కజీ, ఐడీఈ (ఇవి రెండూ డిస్కు డ్రైవులను కలిపే పాత పద్ధతులు), యుఎస్‌బీ రకాల్లో వచ్చాయి. బయట పెట్టి వాడుకునే డ్రైవుల్లో ఇవాళ్టి ల్యాప్‌టాప్‌కు ఏ కార్డూ అవసరం లేకుండా నేరుగా తగిలేది యుఎస్‌బీ రకం ఒక్కటే. పాత సామాన్ల దుకాణాల్లో ప్యారలల్ పోర్టు రకం తక్కువకు వస్తుందని, దానికి ప్రింటర్లకు వాడే యుఎస్‌బీ కేబుల్ తగిలిస్తే సరిపోతుందని చెప్పేవారు ఉంటారు. ఆ మాట నమ్మవద్దు. ఆ కేబుళ్లు ప్రింటర్ భాష మాత్రమే మాట్లాడతాయి. జిప్ డ్రైవ్ ప్యారలల్ పోర్టు ద్వారా స్కజీ ఆదేశాలు పంపుకుంటుంది కనుక ఆ దారిలో దాన్ని చేరుకోవడం కుదరదు. మదర్‌బోర్డు మీదే ప్యారలల్ పోర్టు ఉన్న పాత డెస్క్‌టాప్ మీ దగ్గర ఉంటే సంగతి వేరు. లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ వ్యవస్థ మూల భాగంలో, ఇందుకు పీపీఏ, ఐఎమ్ఎమ్ అనే రెండు డ్రైవర్లు ఉన్నాయి. డ్రైవుతో వచ్చిన కేబుల్ కనెక్టరు మీద ఆటోడిటెక్ట్ అని ముద్రించి ఉంటే ఐఎమ్ఎమ్, అలా లేని పాత రకమైతే పీపీఏ వాడాలి. ఇది పనిచేసే దారే గాని, వేగం చాలా తక్కువ.

రెండోది కరెంటు. ఈ డ్రైవ్ యుఎస్‌బీ కేబుల్ నుంచి కరెంటు తీసుకోదు. దానికి 5 వోల్టుల, 1 ఆంపియర్ ఎడాప్టర్ విడిగా కావాలి. సెకండ్ హ్యాండ్‌లో దొరికే డ్రైవులకు చాలాసార్లు ఎడాప్టర్ ఉండదు. ఇంట్లో మూలన పడి ఉన్న వైఫై రౌటర్ ఎడాప్టర్ పిన్ను సరిపోయిందని తగిలించేస్తే ప్రమాదం, ఎందుకంటే వాటిలో చాలావరకు 12 వోల్టులవి. డ్రైవ్ మీద అచ్చు వేసి ఉన్న వోల్టేజినీ, ప్లస్ మైనస్‌ల గుర్తునూ ఎడాప్టర్ మీద ఉన్న వాటితో పోల్చుకున్న తరువాతనే ప్లగ్గు పెట్టాలి. సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి మన దగ్గర కనెక్టర్ల మీద పచ్చటి చిలుము పట్టడం మామూలు. నాకు దొరికిన డ్రైవ్ యుఎస్‌బీ సాకెట్‌లోనూ అది కనిపించింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూది పుల్లతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత వాడాను.

లినక్స్ మింట్ ఉన్న నా కంప్యూటర్‌కు తగిలించగానే ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించకుండానే డ్రైవ్ పలికింది. కెర్నెల్‌లోని యుఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూల్ దాన్ని మామూలు డిస్కు డ్రైవుగానే గుర్తిస్తుంది. డిస్కు లోపలికి వెళ్లాక కెర్నెల్ సందేశాలను చూపే డీమెసేజ్ ఆదేశం ఇస్తే, 512 బైట్ల బ్లాకులు 196608 ఉన్నాయని, మొత్తం 96 మెబీబైట్లని (అంటే సుమారు 100 మెగాబైట్లే) ఒక వరుస కనిపిస్తుంది. ఆ అంకె కనిపించిందంటే డ్రైవ్, కేబుల్, ఎడాప్టర్ మూడూ సరిగా ఉన్నాయని, డిస్కు కూడా కనీసం పలకరిస్తోందని అర్థం. ఇక్కడ కొత్తవారిని తికమక పెట్టే విషయం ఒకటుంది. పీసీ కోసం కంపెనీలోనే ఫార్మాట్ చేసి పంపిన జిప్ డిస్కుల్లో ఉండే ఏకైక పార్టిషన్ (డిస్కులో ఫైళ్లుండే భాగం) ఒకటో నంబరుది కాదు, నాలుగో నంబరుది. కాబట్టి మౌంట్ చేయవలసింది (అంటే ఫైళ్లు తెరవడానికి కంప్యూటర్‌కు జతచేయవలసింది) ఎస్‌డీబీ1ని కాదు, ఎస్‌డీబీ4ని; ఎస్‌డీబీ అన్నది నా కంప్యూటర్‌లో లినక్స్ ఆ డ్రైవుకు పెట్టిన పేరు. ఒకటి లేదు కదా అని డిస్కు ఖాళీగా ఉందనుకోవడం గాని, కొత్త పార్టిషన్ చేయడం గాని తగదు.

నిజానికి యుఎస్‌బీ జిప్ డ్రైవును విండోస్ కూడా గుర్తుపడుతుంది. అయినా లినక్స్‌నే ఎందుకు ఎంచుకోవాలంటే, డిస్కు కొంత దెబ్బతిన్నప్పుడు రెండూ ప్రవర్తించే తీరులో ఉన్న తేడా వల్ల. డిస్కు మొదటి భాగం చదవలేకపోతే విండోస్ దాన్ని ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది; వయసైన డిస్కు ముందు కూర్చున్న మనిషికి అంతకంటే ప్రమాదకరమైన ప్రశ్న మరొకటి ఉండదు. లినక్స్ మాత్రం ఏ సెక్టారు (డిస్కులోని చిన్న ముక్క) దగ్గర మీడియం ఎర్రర్, అంటే చదవలేని ఇబ్బంది, వచ్చిందో నంబరుతో సహా చెబుతుంది, మిగతా సెక్టార్లను మనకు అందుబాటులోనే ఉంచుతుంది. అయితే లినక్స్‌లోనూ ఒక జాగ్రత్త అవసరం. డెస్క్‌టాప్ తనంతట తానే డిస్కును మౌంట్ చేసే సదుపాయాన్ని ఫైల్ మేనేజర్ సెట్టింగుల్లో ముందే ఆపేయాలి. పీసీ జిప్ డిస్కుల్లో ఉండే ఫ్యాట్ ఫైల్ వ్యవస్థను రాయడానికి వీలుగా మౌంట్ చేసినప్పుడు, మనం ఏదీ సేవ్ చేయకపోయినా కెర్నెల్ ఆ డిస్కు మీద ఒక చిన్న గుర్తు రాస్తుంది. ఇరవై ఏళ్లుగా కదలని డిస్కు మీద ఆ ఒక్క రాత కూడా జరగకూడదు. జిప్ డిస్కుకు ఫ్లాపీలాగా పక్కన జరిపే రక్షణ బిళ్ల లేదు కనుక ఆ బాధ్యత పూర్తిగా మనదే.

మౌంట్ చేసి ఫైళ్లను ఒక్కొక్కటిగా కాపీ చేసుకోవడం కంటే ముందు డిస్కు మొత్తానికీ ఒక ఇమేజ్, అంటే డిస్కంతటి నకలును ఒకే ఫైలుగా, తీసుకోవడమే సరైన పద్ధతి. అందుకు గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము ఉంది. డెబియన్, ఉబుంటు, మింట్ అనే లినక్స్ రకాల్లో ఆ ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. ఇది మొదట తేలికగా చదవగలిగిన భాగాలన్నింటినీ తీసుకుని, ఇబ్బంది పెట్టిన చోట్లను ఒక మ్యాప్ ఫైలులో రాసి పెట్టుకుని, ఆ తరువాతనే వాటి దగ్గరకు తిరిగి వస్తుంది. మంచి డిస్కు సెకనుకు ఒక మెగాబైటు కంటే తక్కువ వేగంతోనైనా ఆగకుండా సాగుతుంది, డ్రైవ్ నుంచి ఒకే తీరు మంద్రమైన శబ్దం వస్తుంది. పాడైన చోటికి రాగానే ఆ శబ్దం తెగి, డిస్కును చదివే హెడ్ వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు వచ్చిన చప్పుడు వినిపిస్తుంది. తెర మీద వేగం సున్నాకు పడి, ఎర్రర్ల అంకె ఒకటి పెరుగుతుంది. సాహిత్య సంఘం సంచికలున్న డిస్కు అలాగే మధ్యలో ఆగి ఆగి నడిచింది. మ్యాప్ ఫైలు వల్ల కలిగే మరో గొప్ప మేలు ఏమిటంటే, అదే డిస్కును వేరొక డ్రైవులో పెట్టి, అదే ఇమేజ్‌ను, అదే మ్యాప్‌ను ఇస్తే, మొదటి డ్రైవ్ చదవలేని సెక్టార్లను మాత్రమే రెండోది ప్రయత్నిస్తుంది. హెడ్ అమరికలో డ్రైవుకూ డ్రైవుకూ సన్నని తేడా ఉంటుంది కాబట్టి ఒకదానిలో మూగగా ఉన్న సెక్టారు మరొకదానిలో పలకవచ్చు. ఇమేజ్ చేతికి వచ్చాక దాన్ని లూప్ పరికరంగా (ఫైలునే డిస్కులా చూపే పద్ధతిలో), చదవడానికి మాత్రమే మౌంట్ చేసుకుని, అసలు డిస్కును పెట్టెలో పెట్టేయవచ్చు.

ఇక ఈ డ్రైవులకు ఉన్న అసలు జబ్బు గురించి. డ్రైవ్ లోపలి హెడ్‌లు చెదిరినప్పుడు గడియారంలా టిక్కు టిక్కుమనే చప్పుడు వస్తుంది. వాడకందార్లు దానికి ‘క్లిక్ ఆఫ్ డెత్’ అని పేరు పెట్టారు. 1998లో అమెరికాలో దీనిపై సామూహిక దావా కూడా పడింది. ఈ జబ్బు ఒక్క డ్రైవుతో ఆగదన్నదే ఇందులోని ప్రమాదం. చెడిన డ్రైవ్ డిస్కు అంచును చించవచ్చు, ఆ చిరిగిన డిస్కు ఇంకో మంచి డ్రైవ్ హెడ్‌లను పాడుచేయవచ్చు. అందుకే ప్రతి డిస్కునూ లోపల పెట్టేముందు దాని లోహపు తలుపును వేలితో పక్కకు జరిపి, అడుగున ఉన్న చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, లోపలి పలుచని రేకు అంచును దీపం వెలుగులో చుట్టూ చూడాలి. నొక్కు గాని, చిరుగు గాని, తెల్లని బూజు గాని కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయాలి. వానాకాలంలో మన ఊళ్లో ఉండే ఉక్కపోతలో బూజు తేలికగా పడుతుంది కనుక ఈ పరీక్షను ఏ డిస్కుకూ మినహాయించకూడదు. చప్పుడు మొదలైతే వెంటనే డిస్కు బయటికి తీయాలి. కరెంటు పోయినా డిస్కు లోపల ఇరుక్కోదు. డ్రైవ్ వెనక ఉన్న చిన్న రంధ్రంలోకి నిటారు చేసిన పేపర్ క్లిప్పును నొక్కితే బయటికి వస్తుంది.

బయటికి వచ్చిన ఫైళ్లను తెరవడం మరో అంకం. పేజ్‌మేకర్ 6, 7 రకాల ఫైళ్లను లిబ్రేఆఫీస్ 4.4 నుంచి తెరవగలుగుతోంది. లినక్స్‌లో దీనికంటే సులువైన మార్గం నాకు కనపడలేదు. డీటీపీలో వాడే అను ఫాంట్లలో కూర్చిన తెలుగు మాత్రం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతం) కాదు. ఆ ఫాంట్ కంప్యూటర్‌లో లేకపోతే అక్షరాల స్థానంలో ఇంగ్లిషు గుర్తుల గందరగోళం కనిపిస్తుంది. ఫాంట్ ఉంటే పేజీ చదవడానికి వీలవుతుంది. ఆ పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లూ ఉన్నాయి గాని, మార్చిన ప్రతి పేజీనీ మనిషి కూర్చుని సరిచూడవలసిందే. కవితా సంపుటి విషయంలో ఆ పని ఇంకా సాగుతోంది.

ఇదే కుటుంబంలోని జిప్ 250 డ్రైవ్ దొరికితే అది కూడా 100 మెగాబైట్ల డిస్కులను చదువుతుంది. జిప్ 750 వాటిని చదువుతుంది గాని వాటి మీద రాయలేదు. మన పనికి ఆ పరిమితి వరమే కాబట్టి, సరైన ధరకు వస్తే నేను మొదటి స్థానం దానికే ఇస్తాను. ఏ రకమైనా, పనిచేస్తుందని నోటిమాటగా చెప్పి చవకగా అమ్మేవారి కంటే, డిస్కు పెట్టి మీ ఎదుటే కాసేపు చదివించి, ఆ శబ్దం మీకు వినిపించే వారి దగ్గర కొంత ఎక్కువ ఇచ్చి కొనడం మేలు. ఆ పరీక్షకు వాడే డిస్కు అమ్మేవారిదే అయి ఉండాలి; మీ డిస్కును మాత్రం అక్కడికి తీసుకెళ్లకండి.