పాత కొలువు బొమ్మలు బాగు చేయించడానికి కొండపల్లి, ఏటికొప్పాక వెళ్ళొచ్చాం

అమ్మమ్మల నాటి కొలువు బొమ్మలు విరిగిపోయి అటక మీద పడున్న ఇళ్ళు మనలో చాలానే ఉంటాయి. పారేయడానికి మనసొప్పదు, బాగు చేయించాలంటే ఎవరి దగ్గరికెళ్ళాలో తెలీదు. మా అమ్మ చిన్నప్పటి పెట్టె కూడా అలాంటిదే. అందులో తొండం విరిగిన కొండపల్లి అంబారీ ఏనుగు, ఒక ఎద్దు పోయిన ఎడ్లబండి, తాటిచెట్టు ఉండి ఎక్కే మనిషి లేని గీత కార్మికుడి బొమ్మ, ఇవి కాక ఒక సెట్టు లక్కపిడతలు (తిరగలి, రోలు, పొయ్యి, చెంబు, బుల్లి బుల్లి గిన్నెలు). అమ్మకి అరవై దాటాయి, ఈ సంక్రాంతికి మా పిల్ల చేత అవే బొమ్మలతో కొలువు పెట్టించాలని ఆవిడ కోరిక. అందుకే నేనూ అమ్మా హైదరాబాద్ నుంచి బయల్దేరి ముందు కొండపల్లి, అటు నుంచి అటే ఏటికొప్పాక వెళ్ళొచ్చాం. ఎక్కడ ఉన్నాం, ఎవరు ఎలా చేశారు, ఏది బాగుంది ఏది లేదు అన్నీ రాస్తున్నా, ఇలాంటి పెట్టె ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

ప్యాకింగ్ సంగతి మొదట. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్కతో చేస్తారు, పట్టుకుంటే అసలు బరువే ఉండదు, అంత మెత్తని చెక్క కాబట్టి గట్టిగా ఒత్తితే గోరు దిగబడుతుంది. దాన్ని న్యూస్‌పేపర్లో చుడితే సిరా రంగు మీద అంటుకునే ప్రమాదం ఉంది. మేము అమ్మ పాత కాటన్ చీరలు చింపి ఒక్కో బొమ్మని విడిగా చుట్టాం, విరిగిన ముక్కల్ని చిన్న కవర్లలో వేసి ఏ బొమ్మదో పేరు రాసి పెట్టాం. విరిగిన ముక్క ఎంత చిన్నదైనా సరే పారేయకండి, దాని మీద ఉన్న అసలు రంగు చూసే కదా వాళ్ళు కొత్త ముక్కకి రంగు కలుపుకునేది.

విజయవాడలో మొదటి రాత్రి రైల్వే స్టేషన్ ఎదురు లాడ్జీలో దిగాం, పేరు రాయను. స్టేషన్‌కి దగ్గర అన్న ఒక్క సౌకర్యం తప్ప చెప్పుకోడానికి ఏమీ లేదు, గోడలకి చెమ్మ, కప్‌బోర్డులో బూజు వాసన, బొమ్మల పెట్టె అందులో పెట్టడానికి నాకు భయమేసి రాత్రంతా మంచం మీదే పెట్టుకున్నాం. చెమ్మ తగిలితే ఈ బొమ్మల అతుకులు వదిలేస్తాయి. తెల్లారాక భవానీపురం వైపు కృష్ణ ఒడ్డున బెర్మ్ పార్క్‌లో టూరిజం వాళ్ళ హరిత హోటల్‌కి మారాం. మా లాంటి పనికి వెళ్ళేవాళ్ళకి అదే మంచిది, ఎందుకంటే ఇబ్రహీంపట్నం వెళ్ళే రోడ్డు వైపే ఉంది కాబట్టి కొండపల్లికి ఊళ్ళో ట్రాఫిక్ దాటుకుంటూ వెళ్ళే బాధ ఉండదు, పైగా పొద్దున్నే నది కనిపిస్తుంది, అమ్మకి అది చాలా నచ్చింది. టిఫిన్‌కి మాత్రం గాంధీనగర్ బాబాయ్ హోటల్‌కే వెళ్ళాం, ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు, దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

కొండపల్లికి బస్సులున్నాయి, కాజీపేట లైన్లో రైల్వే స్టేషన్ కూడా ఉంది. మేము పెట్టె ఉందని ఆటో మాట్లాడుకున్నాం. ఆటో అతను మెయిన్ రోడ్డు మీద పెద్ద షాపు దగ్గర దించేసి ఇదే అండి బొమ్మల చోటు అన్నాడు. అక్కడ షాపులో అమ్మాయి మా ఏనుగుని చూసి, "దీనికి రిపేరు ఎందుకు మేడమ్, ఇలాంటిదే కొత్తది తీసుకోండి" అంది. వాళ్ళ వ్యాపారం అమ్మడం, తప్పు పట్టను, కానీ బాగు చేయించే పని మీద వెళ్ళినవాళ్ళు అక్కడే ఆగిపోతే లాభం లేదు. బొమ్మల కాలనీ సందుల్లోకి నడవండి. ఇంటి అరుగు మీదే పని చేసుకుంటూ కనిపిస్తారు, మగవాళ్ళు చెక్కుతుంటే ఆడవాళ్ళు రంగులేస్తుంటారు. ఈ పని చేసే ఆర్యక్షత్రియుల పూర్వీకులు రాజస్థాన్ నుంచి కొన్ని వందల ఏళ్ళ కిందట వచ్చారని వాళ్ళే చెప్పుకుంటారు.

రెండు మూడిళ్ళు తిరిగాక ఒక పెద్దాయన ఏనుగుని చేతిలోకి తీసుకుని ముందు తలకిందులు చేసి కాలి కింద రంగు లేని చోట చూశాడు, తర్వాత వేలితో మెల్లగా తట్టాడు. సన్నని పిండి రాలింది. "పురుగుందమ్మా, ముందు దాని పని చూడాలి, లేకపోతే నేనెంత బాగు చేసినా ఏడాదిలో లోపల గుల్లైపోద్ది" అన్నాడు. సిరంజితో ఒక్కో రంధ్రంలోకి మందెక్కించి ఎండ పడని చోట పక్కన పెట్టాడు. ఇంతవరకూ చూసే నాకు నమ్మకం కుదిరింది. బొమ్మ చూడగానే రేటు చెప్పేవాళ్ళ కంటే ముందు తట్టి చూసేవాళ్ళకి ఇవ్వండి.

అసలు మాట్లాడుకోవాల్సింది రంగు గురించి. ఆయన మామూలుగా అందరికీ చేసినట్టే మొత్తం గీకేసి సున్నం పూసి కొత్తగా రంగులేసి ఇస్తానన్నాడు, "తళతళలాడిపోద్ది" అని కూడా అన్నాడు. నాకు అదే వద్దు. మా అమ్మ చిన్నప్పుడు పట్టుకుని ఆడి ఆడి వెలిసిపోయిన ఎరుపు అది, అంబారీ అంచు మీద పసుపు గీతలు ఎవరో చేత్తో వణక్కుండా లాగినవి, అవి పోతే ఇక ఆ బొమ్మ ఎందుకు, కొత్తదే కొనుక్కోవచ్చు కదా. విరిగింది మాత్రం అతికించండి, కొత్తగా పెట్టిన ముక్కకే రంగేయండి, పాత రంగు మీద బ్రష్షు పెట్టకండి అని గట్టిగా చెప్పాను. ఆయన భార్య నవ్వి, "ఇలా అడిగేవాళ్ళు తక్కువమ్మా, అందరూ కొత్తదానిలా కావాలంటారు" అంది. ఆయన మాత్రం కాసేపు ఆలోచించి, "చేస్తా, కానీ అతుకు కనపడుద్ది, తర్వాత నన్ననకూడదు" అన్నాడు. అతుకు కనపడితేనే నాకు ఇష్టం అన్నాను.

తొండం చేసే పని దగ్గరుండి చూశాం. ఎండిన పొణికి ముక్కని బాడిశతో చెక్కి, ఉలితో వంపు తిప్పి, ఆకురాయితో రుద్దాడు. అతుకు దగ్గర పెట్టే మక్కు చింతపిక్కల పొడి నానబెట్టి అందులో రంపపు పొట్టు కలిపి చేస్తారు. కొండపల్లి బొమ్మలో చేతులూ కాళ్ళూ ముక్కలు ముక్కలుగా చేసి ఈ మక్కుతోనే అతుకుతారు, కాబట్టి విరిగినప్పుడు కూడా ఎక్కువగా అతుకు దగ్గరే ఊడుతుంది, చెక్క మధ్యలో విరగడం తక్కువ. అందుకే వీటిని బాగు చేయడం మనం అనుకున్నంత కష్టం కాదు. ఇంట్లో ఫెవిక్విక్ పెట్టి ఉంటే మాత్రం కష్టమే, అది గీకి తీయడానికే సగం పూట పడుతుంది, మా ఎడ్లబండికి ఎవరో పెట్టారు, పాపం ఆయన దాని మీదే చాలాసేపు కూర్చున్నాడు. మక్కు ఆరడానికి ఒక రాత్రైనా కావాలి, ఆ తర్వాతే సున్నం పూత, రంగు. కాబట్టి పొద్దున వెళ్ళి సాయంత్రం తీసుకొచ్చేద్దాం అనుకుని వెళ్ళకండి. ఆ ఖాళీలో కొండపల్లి కోట చూడొచ్చు, 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టింది, నీళ్ళ బాటిల్ తీసుకెళ్ళండి.

మజూరీ తక్కువే అడిగాడు, అంత నేర్పుకి అది చాలదనిపించి నేనే ఇంకొంత ఇచ్చాను. దయచేసి ఇక్కడ బేరమాడకండి. కొత్త బొమ్మలు చేసుకుంటే ఆ టైములో వాళ్ళకి ఎక్కువే వస్తుంది. పోయిన ఎద్దునీ గీత కార్మికుణ్ణీ కొత్తగా చేసి, మా మాట ప్రకారం వాటి అడుగున ఏ సంవత్సరంలో చేసిందీ రాసిచ్చాడు.

విజయవాడ నుంచి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో అనకాపల్లి వెళ్ళాం. ఏటికొప్పాకలో ఉండడానికి సరైన వసతి లేదు, అనకాపల్లిలోనో విశాఖలోనో ఉండి పొద్దున వెళ్ళి రావడమే మేలు. మేమున్న అనకాపల్లి లాడ్జీ చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, అంతకంటే అడగలేదు. ఎలమంచిలి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. వరాహ నది ఒడ్డున ఊరు.

ఇక్కడి పని కొండపల్లికి పూర్తిగా వేరు. అంకుడు కర్రని తరిణి (లేత్) మీద బిగించి తిప్పుతూ ఉలితో గుండ్రంగా తీస్తారు. తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలి ఆకు పెట్టి ఒత్తితే ఆ మెరుపు వస్తుంది. మా తిరగలికి పోయిన పిడిని మా ముందే ఒక కుర్రాడు కొత్తగా చేశాడు, అది తిరుగుతుండగా ఎర్ర గీత ఒకటి చుట్టూ పాకి క్షణంలో మెరిసింది, అమ్మ కళ్ళార్పకుండా చూసింది.

సి.వి. రాజు గారు ఇక్కడే చెట్ల నుంచి తీసే రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చారు, ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. పసుపు, నీలి, జాఫ్రా గింజలు ఇలాంటి వాటితో చేసే రంగులు కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకున్నా బెంగ ఉండదు. అయితే మా పాత పిడతల్లో ఉన్న గాఢమైన గులాబీ రంగు వీటిలో రాదని చెప్పారు. నేను సరే అన్నాను, పిడి వేరే రంగులో ఉంటే ఏది పాతదో ఏది కొత్తదో మా పిల్లకి కూడా తెలుస్తుంది.

చెంబు విషయంలో మాత్రం అక్కడి పెద్దాయన ఒప్పుకోలేదు. దానికి నిలువునా సన్నని పగులుంది. వెలుతురు వైపు తిప్పి చూసి, "ఇదేటమ్మా ఇంత పాతది ఎక్కడ దాచారు, ఇది తరిణికి బిగిస్తే రెండు ముక్కలైపోద్ది, వద్దు" అన్నాడు. డబ్బులొచ్చే పని వదులుకుని వద్దని చెప్పిన ఆ మనిషి మీద నాకు ఎంత గౌరవం కలిగిందో. పగులు అలాగే ఉంచి లోపల దూది కూరి పెట్టుకోండి, నీళ్ళు పొయ్యనివ్వకండి అని చెప్పి పంపాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, ఇది అందరూ గుర్తు పెట్టుకోవాలి. లక్క బొమ్మల్ని స్పిరిట్‌తో గానీ శానిటైజర్‌తో గానీ తుడవకూడదు, లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. పొడి మెత్తని గుడ్డ చాలు. కొండపల్లి బొమ్మలకైతే తడి గుడ్డ కూడా వద్దు, రంగు లేచిన చోట నీళ్ళు లోపలి సున్నం పూతకి చేరతాయి.

విరిగినవి బాగు చేయించడమే కాక పాతవి కొని పోగుచేసుకునే వాళ్ళకి హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్ ఉంది. పొద్దున్నే వెళ్ళాలి, గుట్టల్లో వెతకాలి, ఓపిక కావాలి. నాకు అక్కడ తిరుపతి చెక్క జంట బొమ్మ ఒకటి దొరికింది, ముక్కులు అరిగిపోయి ఉన్నాయి, దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, దుమ్ము దులిపి అలాగే ఉంచాను. తమిళనాడులో కారైకుడి పాత సామాన్ల షాపుల్లో రకాలు ఇంకా ఎక్కువ, ధరలు మాత్రం చాలా ఎక్కువ చెప్తారు, పైగా కొత్తదాన్ని పాతదిగా అమ్మడం ఎక్కడైనా ఉండేదే, అడుగు భాగం, అతుకులు చూడకుండా కొనకండి.

మొత్తం మీద రిపేరుకి కొండపల్లి సందులకే నా ఓటు, అక్కడ చేయలేని పని దాదాపు లేదు. లక్కవాటికి ఏటికొప్పాక తప్ప నాకు వేరే చోటు నచ్చలేదు, కానీ పగిలినవి అక్కడైనా బాగుపడతాయని ఆశ పెట్టుకోకండి, పోయిన ముక్కలకి కొత్తవి చేయించుకోడానికి వెళ్ళండి. కొరియర్‌లో పంపిస్తామని రెండు చోట్లా అన్నారు, మేము మాత్రం చేత్తోనే తెచ్చుకున్నాం. దసరా, సంక్రాంతి ముందు నెలల్లో ఆర్డర్లు ఎక్కువుంటాయి కాబట్టి రిపేరు పని పక్కన పెట్టేస్తారు, కొలువు అయిపోయాక ఫిబ్రవరిలో వెళ్తే తీరిగ్గా కూర్చుని చేస్తారు. ఎండాకాలం మాత్రం వద్దు, మూసిన కారులో లక్కపిడతలు ఉంచితే ఆ వేడికి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కోవచ్చు.