తొడకు ప్యాచ్‌లు, ఛాతీకి బెల్టు, చేతికి వాచీ: మోకాలి ఆపరేషన్ తర్వాత నా వాడకం

మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగి ఆపరేషన్ చేయించుకున్నాక, మళ్లీ షటిల్ కోర్టులోకి, పొద్దుటి పరుగులోకి వచ్చేదాకా మూడు రకాల సెన్సర్లు వాడాను. కండరంలో పుట్టే విద్యుత్తుని చదివేందుకు తొడ మీద అంటించే ఈఎంజీ ప్యాచ్‌లు, ఛాతీకి కట్టుకునే హార్ట్‌రేట్ బెల్టు, చేతికి స్మార్ట్‌వాచ్. వీటిలో పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది, మనలో చాలామంది పేరు కూడా వినని మొదటిదే.

ఆపరేషన్ అయిన కొత్తలో ఫిజియో మోకాలి కింద టవల్ చుట్టపెట్టి "తొడ బిగించి కిందకి నొక్కండి" అంటారు. మనం నొక్కుతూనే ఉన్నామనుకుంటాం, కండరం మాత్రం కదలదు. ఇది బద్ధకమూ కాదు, భయమూ కాదు. కీలులో వాపు ఉన్నప్పుడు అక్కడి నుంచి వెళ్లే సంకేతాలు వెన్నుపాము దగ్గరే తొడ ముందు కండరాన్ని అణిచేస్తాయి. ఏ దెబ్బా లేని మోకాలిలోకి 20-30 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించినా తొడ లోపలి వైపు కండరం మందగిస్తుందని 1984లోనే ప్రయోగం చేసి చూపించారు. మరి ఆపరేషన్ అయిన మోకాలి సంగతి చెప్పేదేముంది.

ఇక్కడే ఈఎంజీ పనికొచ్చింది. చాలామంది దీన్ని క్లినిక్‌లో "కరెంటు పెట్టే" మెషీన్ అనుకుంటారు. ఆ మెషీన్ బయటి నుంచి కరెంటు పంపి కండరాన్ని బిగిస్తుంది. ఇది ఏమీ పంపదు. కండరం పనిచేసేటప్పుడు దానిలో పుట్టే సన్నని విద్యుత్తుని చదివి, తెర మీద గీతగా చూపిస్తుంది. ఫిజియో ఒక హద్దు పెడతారు, గీత దాన్ని దాటితే బీప్ మంటుంది. లోపల ఏ తీగ లాగితే బీప్ వస్తుందో మాటల్లో చెప్పడం కష్టం. కానీ ఒకసారి దొరికాక రెండోసారికి వెతుక్కోనక్కర్లేదు. హద్దు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతారు.

ఇబ్బందులు లేకపోలేదు. ప్యాచ్ అంటుకోవాలంటే చర్మం మీద వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడవాలి. మా ఇంట్లో కాలు బాగోలేదంటే ముందు నువ్వుల నూనె సీసా బయటికొస్తుంది. నూనె రాసిన తొడ మీద ఏ ప్యాచ్ నిలవదు. దీని మీద అమ్మతో జరిగిన చర్చల్లో నేను ఎప్పుడూ గెలవలేదు, ప్యాచ్‌ల సెషన్ అయ్యాక రాయించుకునేలా రాజీ కుదిరింది. వేసవిలో చెమటకి అవే ఊడిపోతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. తెర మీద కనిపించే మైక్రోవోల్టుల అంకెను నిన్నటి అంకెతో పోల్చకూడదు. ప్యాచ్ ఒక వేలెడు పక్కకి జరిగినా, చర్మం పొడిగా ఉన్నా అంకె మారిపోతుంది. అందుకే నేను రెండు ఛానళ్లున్నది కొన్నాను. ఒకటి ఆపరేషన్ అయిన కాలికి, ఒకటి మంచి కాలికి, ఒకే సిట్టింగ్‌లో రెండూ చూడటం. పైగా బీప్ వచ్చిందంటే బలం వచ్చినట్టు కాదు. కండరం మేల్కొన్నదని మాత్రమే అర్థం. ఆటకి తిరిగి వెళ్లే ముందు మంచి కాలి బలంలో కనీసం 90 శాతం ఉండాలని సాధారణంగా అడుగుతారు. దాన్ని బలం కొలిచే పరికరంతోనే చూడాలి. నెలల తరబడి ఆట మానేశాక మంచి కాలు కూడా కొంత నీరసిస్తుంది కాబట్టి ఆ 90ని కూడా కాస్త అనుమానంగానే చూడాలంటాను.

పరుగు మొదలుపెట్టాక ఛాతీ బెల్టు. నేను వాడేది పోలార్ హెచ్10. పోలార్ ఫిన్లాండ్ కంపెనీ, 1977 నుంచి ఈ రంగంలోనే ఉంది. బెల్టు ఈసీజీలాగే గుండె విద్యుత్తుని చదువుతుంది. చిన్న సీఆర్2025 బ్యాటరీ వేస్తే కంపెనీ లెక్క ప్రకారం 400 గంటలు వస్తుంది, ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్లినా ఒక సెషన్ తనలోనే దాచుకుంటుంది. కట్టుకునే ముందు లోపలి వైపు నీళ్లతో తడపాలి. ఏ బెల్టయినా పొడిగా కడితే చెమట పట్టేదాకా పిచ్చి అంకెలే వస్తాయి. అయ్యాక కడిగి ఆరేయాలి, లేకపోతే వాసన ఇల్లంతా తెలుస్తుంది.

చేతి వాచీ అలా కాదు. ఆకుపచ్చ కాంతి వేసి చర్మం కింద రక్తం పొంగు చూసి అంచనా కడుతుంది. ఊరికే నడిస్తే బాగానే ఉంటుంది. పరిగెత్తేటప్పుడు ఒక్కోసారి నిమిషానికి పడే అడుగుల లెక్కనే గుండె వేగంగా చూపిస్తుంది. నెమ్మదిగా కేబీఆర్ పార్కు చుట్టూ వెళ్తుంటే 170 అని చూపించి టెన్షన్ పెడితే, అదే సమయంలో బెల్టు 140 దగ్గర ఉంటుంది. రాకెట్ పట్టుకునే చేతికి పెట్టుకుంటే మరీ ఘోరం, మణికట్టు వంగిన ప్రతిసారీ లెక్క తప్పుతుంది. నిద్ర స్కోరు, రికవరీ స్కోరు నేను ఆపేశాను. రాత్రి సరిగ్గా పట్టలేదని నాకు పొద్దున్నే తెలుసు.

పరుగు తేలికా, కష్టమా అని గుండె వేగాన్ని బట్టి విడగొట్టే జోన్ల విషయంలో, గుండె గరిష్ఠ వేగం కోసం 220 నుంచి వయసు తీసేసే సూత్రాన్ని యాప్‌లు ఇంకా వాడుతున్నాయి. 2001లో వచ్చిన సూత్రం 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేయమంటుంది. 40 ఏళ్లకి రెండూ 180 అనే చెప్తాయి, 60 ఏళ్లకి ఒకటి 160, ఇంకొకటి 166. ఏదైనా సగటే, మనిషికీ మనిషికీ పది అటూ ఇటూ మామూలు. అదీగాక మే నెలలో హైదరాబాద్ ఎండకి అదే వేగంలో అంకె పైకి పోతుంది. పక్కవాళ్లతో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే తేలిక పరుగే, అంకె కాస్త పైన ఉన్నా నేను పట్టించుకోను.

కొనాలనుకునేవాళ్లకి: పరుగుకి, సైకిల్‌కి బెల్టు ధైర్యంగా తీసుకోండి. ఈఎంజీ మాత్రం ఫిజియో చెప్తేనే, అదీ ముందు క్లినిక్‌లో వాడి చూశాకే. ప్యాచ్ ఎక్కడ అంటించాలో, తుంటితో నొక్కి దొంగ బీప్ తెప్పిస్తున్నామో లేదో ఆయన చెయ్యే చెప్పాలి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు బెల్టుకైనా, ప్యాచ్‌లకైనా ముందు డాక్టర్‌ని అడగండి. కొనే ముందు, బటన్‌లా నొక్కి తగిలించే మామూలు ప్యాచ్‌లు ఆ ఈఎంజీ పరికరానికి సరిపోతాయా అని తప్పక కనుక్కోండి. నా దానికి సరిపోవు, ఆ కంపెనీ ప్యాచ్‌లే తెప్పించుకోవాలి, ఏడాది తిరిగేసరికి పరికరం కన్నా వాటి ఖర్చే ఎక్కువైంది.